దూబగుంట వార్త ఊరు దాటిన దారి

1992 నాటి సారా ఉద్యమం మాటెత్తితే మా నెల్లూరులో ఇప్పటికీ రెండు వాదాలు వినిపిస్తాయి. పల్లెల్లో ఆడవాళ్లు కొంగు బిగించి సారా అంగళ్లు మూయించారు, పేపర్లు ఆ తర్వాత వాళ్ల వెంటపడ్డాయి అంటారు కొందరు. పేపరోళ్లు ఎత్తుకోబట్టే అంతదూరం పోయింది, లేకుంటే కలిగిరి మండలంలోనే చల్లారిపోయేది అంటారు ఇంకొందరు. ఈ రెండో మాట అనేవాళ్లలో ఆ రోజుల్లో సారా వేలంపాటలు పాడిన కాంట్రాక్టర్ల మనుషులూ ఉన్నారు, ఆ పాటల్ని ఆపడానికి కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నవాళ్లూ ఉన్నారు.

నాకు ఈ రెండు వాదాలూ సగం సగమే అనిపిస్తాయి. కలిగిరి మండలం దూబగుంటలో సారా అంగడి మూయించింది ఆ ఊరి ఆడవాళ్లే. దాన్ని ఏ పత్రికా చేయించలేదు. కానీ ఒక ఊళ్లో జరిగింది పక్క మండలానికి, అక్కణ్ణుంచి హైదరాబాదుకు తెలియాలంటే దానికొక దారి ఉండాలి. ఆ దారి 1992 నాటికి మా జిల్లాలో ఎట్లా పడింది, దాన్ని తెరవడం మూయడం ఎవరి చేతుల్లో ఉండింది అన్నది మా ఊరి చరిత్రలో ముఖ్యమైన భాగం. ఉద్యమం గురించి పుస్తకాలు వచ్చాయి, పరిశోధనలు జరిగాయి. ఈ భాగాన్ని మాత్రం స్థానికంగా మనమే రాసుకోవాలి.

పత్రికల ఊరు అంటే బెజవాడ. విశాలాంధ్ర, ఆంధ్రజ్యోతి అక్కడ పుట్టాయి. బందరుకు కృష్ణాపత్రిక ఉండేది. నెల్లూరుకు దినపత్రికలు మొదట్నుంచీ బయటి నుంచే వచ్చేవి. మద్రాసు-కలకత్తా రైలుమార్గం మీద ఉన్నాం కాబట్టి మద్రాసులో అచ్చయిన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ ఇక్కడికి సులువుగా చేరేవి. అందువల్ల ఇక్కడి చదువుకున్నవాళ్లకు మద్రాసు శాసనసభలో ఎవరేం మాట్లాడారో తెలిసేది, ఉదయగిరి మెట్టలో తాగునీళ్లు లేవన్న సంగతి తెలిసేది కాదు. పొట్టి శ్రీరాములు 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని ఇక్కడే నిరాహారదీక్ష చేశారు. ఆయన పేరు తెలుగునాడంతా మారుమోగింది మాత్రం ఆరేళ్ల తర్వాత, 1952లో, మద్రాసు మైలాపూరులో 58 రోజులు దీక్ష చేసి ప్రాణం విడిచినప్పుడు. ఒకే మనిషి, అదే పట్టుదల. మూలాపేట దీక్ష జిల్లా దాటి ఎందరికి తెలుసు? ఇవాళ జిల్లాకే ఆయన పేరుంది, అయినా ఆ గుడి వీధిలో నడిచేవాళ్లలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

బయటి నుంచి వచ్చే పత్రికల మధ్య మాకంటూ నిలబడిన పత్రిక జమీన్ రైతు. 1930లో వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన పుట్టిన వారపత్రిక అది. దాన్ని నిలబెట్టిన సంపాదకుడు నెల్లూరు వెంకట్రామానాయుడు. జమీందారీలో సేద్యం చేసే రైతుకు శిస్తు ఒక్కటే బాధ కాదు. చెరువు కట్ట తెగితే పూడ్చేవాడు ఉండడు. అడవిలోకి గొడ్డును తోలితే పుల్లరి కట్టమంటారు. ఠాణేదారు మీద ఫిర్యాదు చేద్దామంటే వినేవాడూ జమీందారు మనిషే. అటువంటి రైతు గోడును అచ్చులోకి ఎక్కించడమే ఆ రోజుల్లో పెద్ద రాజకీయం. 1937లో మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడి, రెవెన్యూ మంత్రిగా టంగుటూరి ప్రకాశం జమీందారీ విచారణ సంఘానికి అధ్యక్షత వహించినప్పుడు, రైతుల వైపు నుంచి చెప్పడానికి అప్పటికే ఏళ్ల తరబడి పోగుపడిన సంగతులు ఉన్నాయంటే అటువంటి పత్రికలూ, రైతు సంఘాలూ చేసిన పనే కారణం. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. లక్ష్యం నెరవేరినా పత్రిక ఆగలేదు, జిల్లా వారపత్రికగా నడుస్తూ వచ్చింది.

జమీన్ రైతు మా జిల్లాకు ఒక అలవాటు నేర్పిందని నా నమ్మకం. అర్జీ ఒకటి కలెక్టరుకు, నకలు ఒకటి పత్రికకు. మా పెద్దవాళ్లు కాలవ నీళ్లు రాలేదన్నా, కరణం లంచమడిగాడన్నా ఇట్లాగే రాసేవాళ్లు. కలెక్టరు పట్టించుకోకపోయినా నలుగురు చదువుతారు కదా అన్న ధీమా అది. కాకపోతే ఆ అర్జీ రాయాలంటే అక్షరం ముక్క రావాలి. రాసేవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు, అందులోనూ కాస్తో కూస్తో పొలం ఉన్నవాళ్లు.

ఇక సారా సంగతి. మద్యం మీద సర్కారు నిలవడం, పడిపోవడం ఆంధ్రకు పాత కథే. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది మద్యనిషేధం అమలు మీదే. ఆ తర్వాత 1955 ఎన్నికల్లో నెగ్గి ముఖ్యమంత్రి అయినవారు మా బుచ్చిరెడ్డిపాళెం బెజవాడ గోపాలరెడ్డి. 1960ల చివర నిషేధం సడలింది. అప్పట్నుంచి సారా సర్కారుకు కామధేనువు అయింది. 1970-71లో 39 కోట్ల రూపాయలున్న ఆబ్కారీ రాబడి 1991-92కి 800 కోట్లు దాటింది. 1980లలో తెలుగుదేశం ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి పంపే ఏర్పాటు చేసింది. అంతకుముందు తాగాలంటే అంగడి దాకా నడిచి పోవాల్సి వచ్చేది. ప్యాకెట్టు వచ్చాక సారాయే జీపెక్కి గూడెం దాకా వచ్చింది. కాలవ గట్టున, కోతలు కోసే చేలో, చింతచెట్టు కింద, ఎక్కడ బడితే అక్కడ దొరికేది. కూలి డబ్బు ఇల్లు చేరేలోపే ఖర్చయిపోయే ఏర్పాటది.

ఏటా అక్టోబరు 1 నుంచి కొత్త లీజు మొదలవుతుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జిల్లా కేంద్రాల్లో పాటలు జరిగేవి. పాట పాడి గెలిచిన కాంట్రాక్టరుకు ఆ ప్రాంతంలో అమ్మకం మీద పూర్తి హక్కు. కట్టిన సొమ్ముకు పదింతలు లాగాలంటే ఊరూరా బెల్టుషాపు పెట్టాలి, పక్కవాడి సరుకు రాకుండా మనుషుల్ని పెట్టుకోవాలి, ఆబ్కారీ వాళ్లనూ పోలీసులనూ చూసుకోవాలి. ఆ మనుషులూ ఆ డబ్బూ ఎన్నికలప్పుడు అక్కరకొచ్చేవి. సారా కాంట్రాక్టరు వేరు, రాజకీయ నాయకుడు వేరు అని ఎవరైనా అంటే మా జిల్లాలో అప్పట్లో నవ్వేవాళ్లు. రెండు పెద్ద పార్టీల్లోనూ అదే వరస. ఉద్యమం రేగిన నాటికి ముఖ్యమంత్రి వాకాడుకు చెందిన నేదురుమల్లి జనార్దనరెడ్డి. ముఖ్యమంత్రి సొంత జిల్లాలోనే ఆడవాళ్లు పాటలు ఆపేస్తున్నారన్న వార్తకు అందుకే అంత బరువు వచ్చింది.

సారా అన్ని జిల్లాల్లోనూ ఉంది, తాగి కొట్టే మొగుళ్లూ అన్నిచోట్లా ఉన్నారు. అగ్గి ఇక్కడే ఎందుకంటుకుంది అన్నదానికి నా లెక్కలో మూడు కారణాలున్నాయి. మూడూ ఏడెనిమిదేళ్ల లోపల వచ్చి మా జిల్లాలో ఒకచోట కలిశాయి.

1985లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం పాత సమితులు, ఫిర్కాలు తీసేసి మండలాలు పెట్టింది. అంతవరకు ఎమ్మార్వో లేడు, మండల అధ్యక్షుడు లేడు. పని పడితే తాలూకా కేంద్రానికి పొద్దున్నే బయల్దేరి బస్సు మారి పోవాల్సిందే. మండలం వచ్చాక ప్రభుత్వం నడిచిపోయే దూరానికి వచ్చింది. కలిగిరిలో ఒక ఆఫీసు, అందులో ఒక అధికారి, ఆయన ముందు కూర్చుని అడగడానికి ఒక గుమ్మం. మహిళలు గుంపుగా పోయి నిలదీయాలంటే అటువంటి గుమ్మం అందుబాటులో ఉండాలి.

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది. చిన్న సైజులో ప్రతిరోజూ మెయిన్ పేపరులో పెట్టి ఇచ్చే జిల్లా పత్రిక. విశాఖలో 1974 ఆగస్టు 10న పుట్టిన ఆ పత్రిక అప్పటికే రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ అమ్ముడవుతోంది. 1982-83లో తెలుగుదేశం గెలుపు కోసం బాహాటంగా పనిచేసిందని అందరికీ తెలిసిందే. జిల్లా అనుబంధంలో రాజకీయం కంటే పెద్ద అవసరం ఇంకొకటుంది. ఆ పేజీలు రోజూ నిండాలి. హైదరాబాదు వార్తలతో అవి నిండవు. అందుకని మండలానికో కంట్రిబ్యూటరును పెట్టుకోవాల్సి వచ్చింది. బడిపంతులో, ఎరువుల అంగడాయనో, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కుర్రాడో తెల్లకాగితం మీద వార్త రాసి, కవరులో పెట్టి, పైన పత్రిక పేరు రాసి, మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిచ్చేవాడు. నెల్లూరు బస్టాండులో దాన్ని తీసుకునేందుకు ఆఫీసు కుర్రాడు కాచుకుని ఉండేవాడు. జీతం లేదు. అచ్చయిన మేరకు సెంటీమీటర్ల లెక్కన లైన్ అకౌంటు. అయినా ఆ పని కోసం పోటీ ఉండేది, ఎందుకంటే ఊళ్లో ఎస్సై కూడా కుర్చీ వేసేవాడు. ఒకరు మొదలుపెట్టాక మిగిలిన పత్రికలకూ తప్పలేదు. దూబగుంట వంటి ఊరి పేరు రాష్ట్రపత్రికలో పడడం అంతకుముందు పిడుగు పడి ఎవరైనా పోతే తప్ప సాధ్యమయ్యేది కాదు. ఇప్పుడు కంట్రిబ్యూటరుకు ఆ ఊరి వార్తే బతుకుదెరువు.

1991లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. అక్షరదీపం పేరుతో సాయంత్రం కేంద్రాలు, వలంటీర్లు, కళాజాతాలు. ప్రభుత్వ యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఊరూరా తిరిగాయి. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుతురులో పలకలు పట్టుకున్నారు. మా పెద్దమ్మ కలిగిరి వైపు ఒక పల్లెలో ఉండేది. ఆమెకు అప్పటికి మనవలు పుట్టారు. అక్షరాలు గుణింతాల దాకా వచ్చాక ఆమెకు చదవడానికి పుస్తకాలు దొరకలేదు, దొరికింది టీ అంగట్లో నలిగిపోయిన పేపరే. హెడ్డింగు అక్షరాలు పెద్దవి కాబట్టి వాటినే కూడబలుక్కుని చదివేది. కింది సన్నక్షరాలు ఎవరైనా కుర్రాడు చదివి పెట్టాలి. ఒకనాడు నేను పోయేసరికి పేపరు మడతపెట్టి రైకలో దోపుకుని ఉంది. “మనోళ్ల పేరు అచ్చులో పడింది గదరా అబ్బయ్యా, నాయనా, ఇంకోసారి చదువు” అంది. చదివాను. నాలుగే వాక్యాలు. పక్క ఊళ్లో ఆడవాళ్లు సారా జీపును ఊరి బయటే ఆపి వెనక్కి తోలారని. ఆమె ఆ ఊరి మనిషి కాదు, ఆ జీపును ఆపినవాళ్లలో లేదు. అయినా ‘మనోళ్లు’ అంది.

దూబగుంట సంగతి అక్షరాస్యతా కేంద్రాల కోసం వేసిన వాచకంలో ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా వచ్చింది. తాగిన మైకంలో ఇద్దరు మనుషులు ఊరి చెరువులో పడి చనిపోయారు. ఆడవాళ్లు వందమంది దాకా కలిసి పోయి సారా అంగడి మూయించారు. కల్లుబండి వస్తే ఆపి, కల్లు పారబోయమన్నారు, నష్టమైతే తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తామన్నారు. ఇంకోనాడు సారా ప్యాకెట్ల జీపు వస్తే చుట్టుముట్టి కలెక్టరుకు ఫిర్యాదు చేస్తామన్నారు. మళ్లీ అంగడి తెరిచే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పాఠం ఇంతే. కొత్తగా చదువు నేర్చినవాళ్ల కోసం రాసింది కాబట్టి చిన్న చిన్న మాటలు. ఆ తలా రూపాయి మాట నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. కల్లు అమ్మేవాడి పొట్ట కొట్టడం తమ ఉద్దేశం కాదని ఆ ఆడవాళ్లు ముందే చెప్పుకున్నారు. తమకు కూలి దొరికేదే అంతంతమాత్రం, అందులోంచే రూపాయి.

ఈ పోరాటాన్ని ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ పేరు తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. ఆమె చదువుకున్నది కాదు, పార్టీ మనిషి కాదు. ఒక ఆడమనిషి పేరుకు ముందు ఊరి పేరు చేర్చి పిలవడం ఎక్కడో గాని జరగదు, ఆమెకు జరిగింది.

1992 వర్షాకాలం వచ్చేసరికి కథ పల్లెలు దాటి నెల్లూరు చేరింది. సారా పాటల రోజున ఆడవాళ్లు లారీల్లో, బస్సుల్లో, కొందరు కాలినడకన వచ్చి కలెక్టరాఫీసు చుట్టూ బైఠాయించారు. పాటలు వాయిదా వేశారు. ఇంకో తేదీ పెట్టారు. మళ్లీ వచ్చారు. మళ్లీ వాయిదా. వామపక్షాల మహిళా సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు, భాజపా మహిళలు, గాంధేయవాదులు, అంతవరకు ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లంతా ఒకే షామియానా కింద కూర్చున్నారు. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి పెద్దలు రాష్ట్రమంతా తిరిగి మాట్లాడారు. పల్లెల్లో సారా ప్యాకెట్లు కుప్పపోసి తగలబెట్టారు. కొన్నిచోట్ల తాగి వచ్చినవాడికి గుండు గీయించి ఊరేగించారు.

ఇక్కడ పత్రిక పని మొదలైంది. ఈనాడు సారా ఉద్యమానికి ఒక ప్రత్యేక పేజీనే కేటాయించి రోజూ నడిపింది. రాష్ట్రంలో ఎక్కడ ఏ ఊళ్లో అంగడి మూతపడినా అందులో కనిపించేది. ఆ పేజీ బలం వ్యాసాల్లో లేదు, ఊళ్ల పేర్లలో ఉంది. పొద్దున్నే పేపరు విప్పితే చిత్తూరు జిల్లాలో ఒక ఊరు, ప్రకాశంలో ఒక ఊరు, కర్నూలులో ఒక ఊరు. వాళ్లు చేయగలిగింది మనం చేయలేమా అన్న మాట ఆడవాళ్ల నోట వచ్చింది ఆ పేర్ల వల్లే. ముందురోజు చేసింది మరునాడు పక్క జిల్లావాళ్లకు తెలియడం వల్ల ఉద్యమానికి వేగం వచ్చింది. దాన్ని ఏ పార్టీ ఆఫీసూ అంత చప్పున చేయగలిగేది కాదు.

ఆ పత్రికకు ఇందులో రాజకీయం లేదా అంటే, ఉంది. అధికారంలో ఉన్నది కాంగ్రెసు. ఉద్యమం పెరిగేకొద్దీ కాంగ్రెసుకు ఇబ్బంది, ప్రతిపక్షంలో ఉన్న తెలుగుదేశానికి లాభం. వారుణి వాహినిని తెచ్చిన పార్టీయే మద్యనిషేధం మాట ఎత్తుకోవడానికి ఆ పేజీలు వాతావరణం తయారుచేశాయి. ఇది దాచుకోవాల్సిన సంగతేమీ కాదు. పత్రిక యజమాని ప్రయోజనం, కూలి ఆడవాళ్ల ప్రయోజనం ఆ ఏడాది ఒకే దిక్కుకు చూశాయి. అటువంటి కాలం ఎప్పుడో గాని రాదు. వచ్చినప్పుడు దాన్ని వాడుకున్న ఆడవాళ్ల తెలివిని తక్కువ చేయకూడదు.

ఇంకోవైపు చూస్తే మా జిల్లా పరిస్థితి విచిత్రం. దాసరి నారాయణరావు 1984 చివర ఏబీకే ప్రసాద్ సంపాదకత్వంలో మొదలుపెట్టిన ఉదయం దినపత్రిక తర్వాత మాగుంట సుబ్బరామిరెడ్డి చేతికి వచ్చింది. ఆయన కుటుంబం నెల్లూరుది, మద్యం వ్యాపారంలో పెద్ద పేరు, 1991లో ఒంగోలు నుంచి కాంగ్రెసు అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచినవారు. ఒక పత్రిక సారాకు వ్యతిరేకంగా పేజీ నడుపుతుంటే, ఇంకో పత్రిక యజమాని మద్యం వ్యాపారి. ఉదయంలో మంచి పాత్రికేయులు పనిచేశారు, ఆ పత్రిక తెలుగు జర్నలిజానికి కొత్త గాలి తెచ్చింది, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ పల్లె పాఠకుడికి ఒక ప్రశ్న ఆ రోజుల్లోనే పుట్టింది. ఈ పేపరు ఎవరిది? మా టీ అంగళ్లలో పేపరు చదివేవాళ్లు మొదట యజమాని ఎవరో చెప్పుకుని తర్వాత వార్త చదవడం అప్పటికే మొదలైంది. ఉదయం 1990ల మధ్యలో మూతపడింది, ఆ అలవాటు మాత్రం పోలేదు.

పత్రికలు ఏం చూపించాయో చెప్పాను, ఏం చూపించలేదో కూడా చెప్పాలి. గుండు గీయించిన మొగుడి ఫొటో మొదటి పేజీలో పడింది. ఎర్రగా మండుతున్న ప్యాకెట్ల కుప్ప పడింది. సారా పాటలో ఎవరు ఎంతకు పాడారు, ఆ సొమ్ము ఎవరు సర్దారు, ఆ కాంట్రాక్టరు ఏ నాయకుడి ఎన్నికల ఖర్చు పెట్టాడు అన్న లెక్కలు అంత వివరంగా పడలేదు. ఉద్యమంలో ముందు నిలిచినవాళ్లు ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల కూలి ఆడవాళ్లు. వేదిక మీద మాట్లాడి పేపర్లో పేరు వేయించుకున్నవాళ్లలో వాళ్లు తక్కువ. రోశమ్మ పేరు ఒక్కటే నిలిచింది. ఆమె పక్కన నడిచిన వందమంది పేర్లు ఏ పేజీలోనూ లేవు. మండల కంట్రిబ్యూటరుకు వాళ్లంతా తెలుసు, ఒకే ఊరివాళ్లు. వాళ్ల పేర్లు రాస్తే సెంటీమీటర్లు పెరుగుతాయని డెస్కులో కోసేసి ఉంటారు.

జనార్దనరెడ్డి 1992 అక్టోబరులో దిగిపోయారు. దానికి ముఖ్య కారణం ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల వ్యవహారం. తర్వాత వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. సారా మాత్రమే. బ్రాందీ, విస్కీ ఉన్నాయి. 1994 డిసెంబరు ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం హామీతో వెళ్లిన తెలుగుదేశానికి 294 స్థానాల్లో 216 వచ్చాయి, కాంగ్రెసుకు 26. ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకారం వేదిక మీదే మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు, 1995 జనవరి 16 నుంచి అమలైంది. ఆ ఏడాదే ఆయన పదవి పోయింది. 1997లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. దేశీ సారా మీద నిషేధం మిగిలింది, సీసా మద్యం తిరిగొచ్చింది.

1997లో కలెక్టరాఫీసు ముందు షామియానా మళ్లీ పడకపోవడానికి ఆడవాళ్లు అలిసిపోయారని కొందరంటారు. నేనట్లా అనుకోను. అప్పటికి వాళ్లను పొదుపు సంఘాల్లోకి మళ్లించారు. పొదుపు ఉద్యమం నెల్లూరులో అంత బలంగా పాతుకుపోవడానికి సారా ఉద్యమంలో కలిసి కూర్చున్న అలవాటే పునాది. అది మంచిదే. కానీ నిషేధం సడలించేనాటికి పత్రికల్లో ఆ విషయం ఖజానా లెక్కగా మారింది. రాబడి ఎంత పోయింది, నాటుసారా, స్మగ్లింగు ఎంత పెరిగాయి, చౌక బియ్యానికి డబ్బు ఎక్కడిది అని. ఆ ప్రశ్నలు అబద్ధం కావు. అయితే ఆ చర్చలో పల్లె ఆడమనిషి లేదు. 1992లో రోజూ ఊళ్ల పేర్లు వచ్చిన పేజీ 1997లో లేదు. పక్క ఊళ్లో ఏం జరుగుతోందో తెలియకపోతే ఏ ఊరికి ఆ ఊరు ఒంటరిదే.

తర్వాతి కాలం గురించి ఎక్కువ చెప్పను, అందరం చూసిందే. జిల్లా అనుబంధాలు మిగిలాయి, వాటి నడక మారింది. కంట్రిబ్యూటరుకు వార్తల లెక్కతో పాటు ప్రకటనల లెక్క వచ్చిపడింది. జనవరి ఒకటికి, ఉగాదికి, నాయకుడి పుట్టినరోజుకు ఇన్ని తేవాలని. తెచ్చేది ఎవరి దగ్గర? ఇసుక, మట్టి, మద్యం, చేపల చెరువులు, ప్రైవేటు బడులు. పొద్దున ప్రకటన అడిగిన మనిషి మీద సాయంత్రం వార్త ఎట్లా రాస్తాడు? ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. జీతం ఇవ్వకుండా అతని చేతికి గుర్తింపు కార్డు ఒక్కటే ఇచ్చి పంపినవాళ్లది తప్పు.

ప్రభుత్వాలు కూడా ఊరుకోలేదు. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చింది, పత్రికల మీద కేసులు వేసే అధికారం అధికారులకు ఇచ్చేది. గొడవైతే వెనక్కి తీసుకున్నారు. 2019లో జగన్మోహనరెడ్డి ప్రభుత్వం 2430 నంబరుతో అటువంటిదే మళ్లీ తెచ్చింది. ఈ రెండింటి మధ్యకాలంలోనే, 2008లో, వై.ఎస్. కుటుంబం నుంచి సాక్షి పత్రిక వచ్చింది. 2022లో గ్రామ వలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు 200 రూపాయలిచ్చారు. ఆ డబ్బు ఏ పత్రికకు చేరుతుందని ఇంకో పత్రిక కోర్టుకెక్కింది. ఇటువైపు పార్టీకి పేపరు, అటువైపు పార్టీకి పేపరు. మా వీధిలో రెండు పేపర్లూ వేయించుకునే ఇళ్లున్నాయి, రెండూ చదివి మధ్యలో నిజం ఎక్కడో వెతుక్కుంటారు. ఒకే పేపరు కొనగలిగినవాళ్లకు ఆ అవకాశం లేదు.

2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చింది. అంతకుముందు ఐదేళ్లు సర్కారే నడిపిన దుకాణాలు మళ్లీ ప్రైవేటుకిచ్చారు. రాష్ట్రంలో 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి రెండు లక్షలు, రాకపోతే తిరిగివ్వరు. పాత రోజుల్లో పాటలు, ఇప్పుడు లాటరీ. అదే జిల్లా కేంద్రం. పత్రికల్లో మరునాడు అదృష్టం ఎవరిని వరించింది, సర్కారుకు ఎన్ని వందల కోట్లు వచ్చాయి అని పడింది. ఆడవాళ్లు కూడా దుకాణాలు దక్కించుకున్నారని ఒక ముచ్చట. నెల్లూరులో లాటరీ తీసిన రోజున జిల్లా పేజీలో దూబగుంట మాట ఎవరైనా రాస్తారేమోనని నేను వెతికాను. ఎవరి పేరు మీద ఎవరు దరఖాస్తు పెట్టారు, వెనక ఏ నాయకుడున్నాడు అన్నది ఊళ్లో అందరూ చెప్పుకుంటున్నారు, అచ్చులో మాత్రం లేదు. మండలంలో ఉన్న విలేకరికి ఇవాళ బస్సు డ్రైవరు అవసరం లేదు, ఫోనులో క్షణంలో పంపగలడు. దారి ఇంత దగ్గరైన కాలంలో ఆ నాలుగు వాక్యాలు ఊరు దాటలేదు.

జమీన్ రైతు పాత సంచికలు చాలావరకు భద్రంగా ఉన్నాయి, కంప్యూటర్లోకి కూడా ఎక్కించారు. వెంకటగిరి రైతులు తొంభై ఏళ్ల కిందట ఏం అడిగారో ఇవాళ కూర్చుని చదువుకోవచ్చు. 1992, 93ల జిల్లా అనుబంధాలు అట్లా దొరకవు. గ్రంథాలయాల్లో మెయిన్ పేపరు బైండు చేశారు, లోపలి చిన్న పేపరును పొట్లాలకు వదిలేశారు. రాష్ట్రాన్ని కదిలించిన ఊళ్ల పేర్లన్నీ ఆ చిన్న పేపరులోనే ఉన్నాయి. కలిగిరి, కొండాపురం, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఎవరి అటక మీదైనా 1992 ఆగస్టు నుంచి 1993 ఏప్రిల్ దాకా జిల్లా పేజీలుంటే, పాతపేపర్లవాడికి వేయకండి. నెల్లూరు జిల్లా కేంద్ర గ్రంథాలయానికి చేర్చండి, లేదా ఎవరైనా కుర్రాడి చేత ఫొటోలు తీయించి పెట్టండి. ఆ రోజుల్లో కంట్రిబ్యూటర్లుగా పనిచేసి ఇప్పుడు రిటైరైనవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. డెస్కులో కోసేసిన పేర్లు వాళ్లకు గుర్తున్నాయి. వాళ్ల దగ్గర కూర్చుని ఆ వందమంది పేర్లు రాసుకునే పని నేను మొదలుపెట్టాను. తెలిసినవాళ్లు కలవండి.